ముడుపు విప్పిన రోజు

పోయినవారం మీరు నన్ను తలుపు చాటున వదిలేసి వెళ్ళిపోయారు. చేతిలో ఖాళీ మంచినీళ్ళ గ్లాసు, నోట్లో చెప్పని మాట. ఆ తరవాత ఐదు రోజులు గడిచాయి. గ్లాసు కడిగి బోర్లించాను గానీ మాట ఇంకా నోట్లోనే ఉంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నా పేరు హేమ. బరంపురం స్టేషన్ వెనక మా అత్తవారిల్లు. పద్నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో జాకెట్లు కుడుతున్నాను. ముందుగదిలో కిటికీ పక్కన నా మిషను ఉండేది. పట్టు జాకెట్టుకి సన్న జరీ అంచు తిన్నగా పడాలంటే అక్కడి వెలుతురే కావాలి. పది నెలల కిందట మా మరిది మనీష్‌కి పెళ్ళయింది. తోటికోడలు రేష్మ విశాఖపట్నం పిల్ల, చేపల చదువు చదివింది. వచ్చిన ఎనిమిదో నెలలో ముందుగదిలోకి మూడడుగుల గాజుపెట్టె వచ్చింది, నా మిషను వెనక వసారాలోకి పోయింది. ఇంట్లో ఏసీ ఉన్నది ఆ ఒక్క గదిలోనే, నీళ్ళు వేడెక్కితే లోపలి జీవాలు చచ్చిపోతాయట. సరే అనుకున్నాను. మర్నాడు కిటికీకి మందపాటి పరదా వేలాడుతోంది. ఎండ పడితే నాచు పడుతుందట. నాకు ప్రాణమైన వెలుతురు ఆ పెట్టెకి పడదు. చూశారా, ఎవరి కోసం ఎవరి కిటికీ మూశారో!

ఆ పెట్టెలో ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో పగడాలు. ఉంగరంలో పొదిగేవి కావు, ప్రాణమున్నవి. సముద్రంలోంచి పీకి తెచ్చినవీ కావు, పెంపకంలో పెరిగినవి. ఎవరడిగినా రేష్మ కాగితాలు తెచ్చి చూపిస్తుంది. వాటిని కొత్తనీళ్ళలో నలభై రోజులు బతికించి చూపిస్తే, గోపాలపూర్‌లో ఒక హోటల్ వాళ్ళు తమ పెద్ద పెట్టె బాధ్యత రేష్మకి ఇస్తారు. ఆమెకి అది మొదటి ఉద్యోగం. హోటల్ మేనేజర్ సస్మిత ఆదివారం వచ్చి చూస్తుంది. అదీ సంగతి.

సోమవారం మధ్యాహ్నం రేష్మ బజారుకి వెళ్ళింది. నేను మంచినీళ్ళకని వచ్చి తలుపు దగ్గర ఆగిపోయాను. మా అత్తగారు కూర్మమ్మ మోచేతి దాకా ఆ పెట్టెలో చెయ్యి పెట్టి, పసుపుగుడ్డ మూట ఒకటి రాయి వెనక దోపి, తడిచేతులతో దండం పెట్టుకుంటోంది.

అది ముడుపు. ఆ ముడుపులో ఏముంటాయో నాకు తెలుసు. మా మామగారు వైకుంఠరావుగారు రైల్వే గార్డుగా చేసేవారు. రైలు ఋషికుల్య నది వంతెన ఎక్కితే పిల్లల చేత నీళ్ళలో డబ్బులు వేయించడం ఆయనకి అలవాటు. అందుకోసం పాత చిల్లుకానీలు హార్లిక్స్ సీసా నిండా దాచారు. ఆయన పోయాక అత్తగారు ప్రతి కార్తీకంలో వాటిలో ఐదు తీసి మూటకట్టి, సముద్రానికి వెళ్ళి గంగమ్మకి ఇచ్చి వచ్చేది. ఇప్పుడు మోకాళ్ళు కదలడం లేదు. సముద్రమే ముందుగదిలోకి వచ్చింది కదా, ఇక్కడిచ్చినా గంగమ్మకి చేరుతుందనుకుంది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. రోజూ ఉదయం ఆ పెట్టెకి నమస్కారం చేసుకునే మనిషి.

చిల్లుకానీలంటే రాగి. రాగి తగిలితే ఆ పెట్టెలో నత్త బతకదు, రొయ్య బతకదు, పగడం బతకదు. ఈ మాట రేష్మ మొదటిరోజే చెప్పింది. అందరికీ కాదు, నాకు. నా వేలికి పగడపు ఉంగరం ఉంది, కుజదోషానికని పెట్టుకున్నది, బంగారం కుదరక రాగిలో పొదిగించినది. "అక్కా, ఆ ఉంగరంతో నీళ్ళలో చెయ్యి పెట్టకు, విషం" అంది. నా చెయ్యి విషమట! ఆ రోజు అన్నం సయించలేదు నాకు.

మరి సోమవారం చూసిందానివి ఎందుకు చెప్పలేదు అంటారా? అసూయ. దీనికి ఇంకో పేరు పెట్టి మిమ్మల్ని మోసం చెయ్యను. పద్నాలుగేళ్ళలో నా కోసం మా అత్తగారు ఒక దారప్పోగుకి ముడి వెయ్యలేదు. పది నెలల కిందట వచ్చిన పిల్ల కోసం ముడుపు కట్టింది. ఆ పిల్లకి ఉద్యోగం రావాలని ఐదు చిల్లుకానీలు, పసుపుగుడ్డ, దండం. కట్టనీ, ఆ ముడుపే ఆ పెట్టెని ఏం చేస్తుందో చూద్దాం అనుకున్నాను. అలా అనుకున్న మనిషినే మీరు పదివారాలుగా చదువుతున్నారు.

*

బుధవారం నత్తలు గాజు మీదనుంచి జారి కిందపడ్డాయి. గురువారం పగడాలు మూసుకున్నాయి. వాటి పేర్లు నాకు పలకవు. పుట్టగొడుగులా ఉండేదాన్ని పుట్టగొడుగు అంటాను, గుండ్రంగా చిన్నచిన్నగా గుంపుగా ఉండేవాటిని గుండీలు అంటాను. జాకెట్టు గుండీలంతే ఉంటాయి. నా కూతురు చిన్నుకి తొమ్మిదేళ్ళు. ఇదివరకు నా మిషను కింద కూర్చుని రాలిన గుండీలు ఏరి రంగుల వారీగా పేర్చేది. నెల పైగా ఆ పెట్టె ముందు కూర్చుని ఆ గుండీలు లెక్కపెడుతోంది. "పిన్నీ, ఇవాళ నలభై ఒకటి విచ్చుకున్నాయి!" అని అరుస్తుంది. మా ఆయన నాగేంద్రప్రసాద్ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే ఆ పెట్టె ముందు స్టూలు వేసుకుంటాడు. పద్నాలుగేళ్ళలో ఆయన నా కుట్టు ముందు స్టూలు వేసుకోలేదు.

శుక్రవారం ఎర్రగీతల రొయ్య వెల్లకిలా పడి ఉంది. చిన్ను ఏడ్చింది. నేను దాని కళ్ళు తుడిచి, జడ వేసి బడికి పంపాను. 

శనివారం ఉదయం పది గంటలు. వారం నుంచి పట్టిన వాన అప్పుడే తెరిపిచ్చింది. మగవాళ్ళిద్దరూ ఇంట్లో లేరు. మా ఆయన స్టేషన్‌లో ఉన్నాడు, మనీష్ ఆఫీసు పనిమీద భువనేశ్వర్ వెళ్ళాడు. చిన్ను బడికి పోయింది. అత్తగారు ముందుగది గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను వెనక వసారాలో బాటిల్ గ్రీన్ పట్టుముక్క మీద సుద్దగీత గీస్తున్నాను. ఆ చీకట్లో పోయిన నెల ఒక గిరాకీ జాకెట్టు చెయ్యి తప్పు కత్తిరించాను, ఆమె మళ్ళీ రాలేదు. అందుకని గీత మీద గీత, రెండుసార్లు.

"అక్కా, ఒకసారి ఇలా రా" అని పిలిచింది రేష్మ.

వెళ్ళాను. ఆమె చేతిలో చిన్న గాజుసీసా, సీసాలో పెట్టెనీళ్ళు, ఏవో చుక్కలు కలిపినవి. పక్కన రంగులు ముద్రించిన అట్టముక్క. సీసాలోని నీళ్ళు రంగు తిరిగి ఉన్నాయి. ఆమె కళ్ళకింద నల్లగా ఉంది.

"ఉప్పు చూశాను, బాగుంది. వేడి బాగుంది. కరెంటు పోయినా బ్యాటరీ ఉంది. అన్నీ చూసి చూసి, చివరికి ఇది చూశాను. రాగి" అంది. చూపు నా వేలి మీదికి దిగింది.

నేను చెయ్యి చీరలోకి లాక్కోలేదు. లాక్కుంటే ఒప్పుకున్నట్టు కదా.

"ఏటి, నా సెయ్యి వంక సూత్తన్నావు?" అన్నాను.

"ఉంగరంతో నీళ్ళలో చెయ్యి పెట్టావా అక్కా?"

"నానెందుకెడతాను? నీ పెట్టికీ నాకూ ఏటి పని?"

"అదే అడుగుతున్నాను. పని లేకపోతే రాగి ఎలా వచ్చింది? ఈ ఇంట్లో రాగి పెట్టుకునేది నువ్వొక్కదానివే."

"ఓలమ్మా! అంటే నానే సంపేసినానంటావు!"

"చంపావనలేదు. చెయ్యి పెట్టావా అని అడిగాను."

"ఎట్టనేదు అన్నాను గదా. సెవుడేటి నీకు?"

చూడండి, నేనన్న ప్రతిమాటా నిజమే. చెయ్యి పెట్టలేదు, రాగి వెయ్యలేదు. అంత నిజం చేతిలో ఉండేసరికి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. గొంతు పెంచాను. "నా కిటికీ తీసుకున్నావు, నా గది తీసుకున్నావు, నా గుంట సిన్నుని పగలంతా ఆ గాజు ముందల కూకోబెట్టినావు. నానేటైనా అన్నానా? ఇప్పుడు సచ్చిన రొయ్యలకి కూడా నానే దొరికినానేటి?" అన్నాను. పక్కింటి ఒడియావాళ్ళ కిటికీ తెరుచుకున్న చప్పుడు వినబడింది. వింటే విననీ అనుకున్నాను.

రేష్మ అరవలేదు. ఆమె ఏడుపు మొదలెడుతుందని నేను చూస్తున్నాను, ఏడవనూ లేదు. సీసా బల్లమీద పెట్టి, పెట్టె అంచు పట్టుకుని నిలబడింది.

"నేను తీసుకున్నానా? ఈ ఇంట్లో ఏం ముట్టుకున్నా నీ పేరే అక్కా. పులుసు పెడితే హేమ పులుసులా లేదంటారు. ముగ్గేస్తే హేమ గీత తిన్నగా ఉంటుందంటారు. మనీష్ చొక్కాకి గుండీ ఊడితే నీ దగ్గరికి వస్తాడు, నేను సూది పట్టుకుని నిలబడ్డా సరే. నీ వంట, నీ కుట్టు, నీ కూతురు. నీ పేరు లేనిది ఈ ఇంట్లో ఈ పెట్టె ఒక్కటే. నెల్లాళ్ళు ఖాళీ నీళ్ళకి దీపం పెట్టుక్కూర్చుంటే నవ్వారందరూ. నీళ్ళు కుదురుకోవాలని ఆగాను. పగడాలు పెట్టాక ముప్ఫై తొమ్మిది రోజులు, రోజుకి నాలుగుసార్లు చూసుకున్నాను. ఇంకొక్కరోజు ఇవి నిలబడి ఉంటే..." అని ఆగిపోయింది.

దాచను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. నన్ను చూసి ఆమె కూడా ఏడుస్తోందట! రెండు నెలలు నేను వసారాలో కుమిలిపోతుంటే, ముందుగదిలో ఆమె నా పులుసుని చూసి కుమిలిపోతోందట! లోపల ఏదో చల్లబడింది. చల్లబడిన మరుక్షణమే సిగ్గేసింది. ఆ పెట్టెలో పుట్టగొడుగు తలవాల్చి, తోలులా ముడుచుకుపోయి ఉంది. గుండీలన్నీ మూసుకుని ఉన్నాయి, ఒక్క అంచున మాత్రం రెండో మూడో సగం తెరుచుకుని ఉన్నాయి.

"చిన్ను మీద ఒట్టేసి చెప్పు. చెయ్యి పెట్టలేదని చెప్పు. నమ్ముతాను. నీ మాట నమ్ముతాను అక్కా, ఇంక నిన్ను అడగను" అంది రేష్మ.

ఒట్టు వెయ్యొచ్చు. అబద్ధం కాదు. నిజంగానే చెయ్యి పెట్టలేదు. నోరు తెరిచాను.

"ఒట్టెయ్యకే హేమా" అంది అత్తగారు.

ఎప్పుడాపిందో తెలీదు, చేటలో బియ్యం కదలడం లేదు. గుమ్మం పట్టుకుని లేవబోయింది, మోకాలు సహకరించక మళ్ళీ కూలబడింది.

"రాగి తగిల్తే ఇవి సచ్చిపోతాయేటే రేష్మమ్మా? సిల్లుకానీలు రాగేనేటి?" అని అడిగింది.

రేష్మకి అర్థం కాలేదు. "ఏ కానీలు అత్తయ్యా?"

"నాకు తెల్దే తల్లీ. గంగమ్మకి ఇచ్చినానే. ఈ మోకాల్లతో సముద్రానికెల్లలేక, ఈడుందిగదా అనీసి..." అని అత్తగారు చెయ్యి ఎత్తి పెట్టెవైపు చూపించింది. ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. 

పెద్దావిడ లేచి ఆ రాళ్ళ మధ్య వెతికే స్థితిలో లేదు. నేను ఉంగరం తీసి బల్లమీద పెట్టాను. చెయ్యి కడుక్కుని, కొంగు దోపుకుని, పెట్టెలో చెయ్యి పెట్టాను. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టడం అదే మొదలు. పొడంపేట సముద్రంలో మా నాన్న నాకు ఈత నేర్పినప్పటి వాసనే వచ్చింది. ఎడమపక్క పెద్దరాయి వెనక్కి చెయ్యి పోనిచ్చి, మూట పట్టుకుని బయటికి తీశాను.

నా మోచేతినుంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. రేష్మ మూటని చూడటం లేదు, నన్ను చూస్తోంది.

"వెతకలేదు నువ్వు" అంది.

నేను మూట బల్లమీద పెట్టాను.

"పెట్టెలో పదకొండు రాళ్ళున్నాయి అక్కా. అత్తయ్య ఎక్కడ పెట్టారో చెప్పలేదు. నీ చెయ్యి తిన్నగా అక్కడికే వెళ్ళింది."

ఎన్ని అబద్ధాలు ఆడొచ్చో అన్నీ తోచాయి. ఒక్కటీ నాలిక మీదికి రాలేదు.

"ఎప్పుడు చూశావు?"

"సోమారం" అన్నాను.

ఆమె వేళ్ళమీద లెక్కపెట్టింది. సోమ, మంగళ, బుధ. నత్తల దగ్గర ఒక వేలు, పగడాల దగ్గర ఒక వేలు, రొయ్య దగ్గర ఒక వేలు. లెక్క పూర్తిచేసి చెయ్యి దించేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఓసే హేమా, తెలిసీ సెప్పనేదేటే?" అంది అత్తగారు. ఆ గొంతులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది. "నీకోసరమే కట్టినానే ముడుపు!"

నేను మూట వంక చూశాను. తడిసిన పసుపుగుడ్డకి మూడు ముళ్ళు. గోళ్ళతో విప్పాను. ఐదు చిల్లుకానీలు, అంచులు ఆకుపచ్చగా తిరిగాయి. వాటి మధ్య, తుప్పుపట్టిన కుట్టుమిషను సూది. పోయిన నెల ఆ గిరాకీ జాకెట్టు కుడుతుండగా విరిగింది. విసుగొచ్చి వసారా మూల పడేశాను. ఆమె ఏరి దాచింది.

"నీ మిసను కిటికీ కాడనుంచి నానే తీయించినాను గదా" అంది అత్తగారు. "కొత్తపిల్ల, ఆశపడతన్నాదని తీయించినాను. నువ్వా సీకట్లో కల్లు సికిలించుకుని కుట్టుకుంతంటే నాకు ముద్ద దిగనేదే. బడాబజార్‌లో మాంచి వెలుతురున్న గది, చిన్నదైనా సరే, నా పెద్దకోడలికి దొరికితే సాలు అనీసి మొక్కుకున్నాను. రేష్మకేటి, సదువుంది, ఎక్కడైనా బతికేత్తాది. నీకు ఆ మిసనొక్కటే గదా."

సూది నా అరచేతిలో ఉంది. పద్నాలుగేళ్ళలో ఒక ముడి వెయ్యలేదన్నాను కదా మీతో. వేసింది. దాన్ని ఐదు రోజులు కళ్ళప్పగించి చూశాను, ఇంకొకరి కోసమనుకుని. నా మీద నాకు అసహ్యం వేసింది. ఈ మాటకి కూడా వేరే పేరు పెట్టను.

*

రేష్మ అప్పటికే పనిలో పడింది. ఏడవడానికి తీరిక లేని మనిషిలా బొగ్గుసంచీ ఒకటి తెచ్చి నీళ్ళు తిరిగే చోట పెట్టింది. రాగిని కొంత లాగుతుందట. కానీ సగం నీళ్ళు తీసి కొత్తనీళ్ళు పొయ్యాలి, అదీ ఇవాళే. పెట్టె కోసం కొన్న ఉప్పు డబ్బాలో అడుగున గరిటెడు మిగిలింది. విశాఖ నుంచి రావాలంటే సోమవారం.

"ఉప్పే గదే. గంజాం కల్లుప్పు బస్తా ఉంది వంటింట్లో" అంది అత్తగారు ఆశగా.

"సముద్రంలో ఉప్పొక్కటే ఉండదత్తయ్యా" అంది రేష్మ, మెత్తగానే. నాతో మాత్రం మాట్లాడటం లేదు.

ఆమె ఫోన్ మోగింది. సస్మిత పంపిన వాయిస్ మెసేజ్. "కాలి సకాళ దశటారె ఆసుచి" అంటోంది ఆ మేనేజరమ్మ హుషారుగా. రేపు ఉదయం పదింటికి వస్తోంది. ఇంక ఒక్కరోజే ఉంది.

"సముద్రం నీల్లు నాను తెప్పిత్తాను" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు. మా నాన్న ధర్మలింగం గంజాంలో ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా. ఆ ఐసు తీసుకెళ్ళే బోట్లవాళ్ళంతా మాకు ఇంటిమనుషుల్లాంటివాళ్ళు. పొడంపేట మసేను మా నాన్నని అన్నా అని పిలుస్తాడు. ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను, దాచేదేం లేదని తెలియాలి కదా.

"ఓలమ్మా, హేమమ్మేనా! ఇన్నాల్లకి గుర్తొచ్చినానేటి?" అన్నాడు మసేను. సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించాడు. "ఒడ్డు నీల్లు పనికిరావమ్మా, వారం నుంచి వాన, మట్టిమట్టిగున్నాయి. ఏరు పొంగి, అది సముద్రంలో కలిసే మొగ కాడ అంతా ఎర్రగుంది. ఆ ఎర్రనీల్లు దాటి లోపలికెల్తే అద్దంలాటి నీల్లు దొరుకుతాయి. మీ నాన్న మొకం సూసి ఓపాలి ఎల్లొత్తాను. నాకు మీ సీసాల లెక్కలు తెల్దు, ఏ నీల్లు ముంచాలో సూసుకోడానికి ఒకలు రండి. బోటులో ఒక్క మనిసికే సోటుంది. ఎవులొత్తారు?"

"నానొత్తాను మసేను సిన్నాన్నా" అన్నాను.

"నేనే వస్తాను" అంది రేష్మ. నా వైపు చూడకుండా ఉప్పు కొలిచే పనిముట్టు సంచీలో వేసుకుంది. "నువ్వు తెచ్చిన నీళ్ళు నా పెట్టెలో పొయ్యనక్కా. అందులో ఏముందో నాకెలా తెలుస్తుంది?"

రేష్మ రెండు నీళ్ళ క్యాన్లు కడగడానికి పెరట్లోకి వెళ్ళింది. పొడంపేట దారి ఆమెకి తెలిసిందే. ఎప్పటికి వస్తుందో చెబుతానని నేను స్పీకర్ ఆపి, ఫోన్ చెవికి పెట్టుకుని వసారాలోకి వచ్చాను. మసేను గొంతు తగ్గించాడు.

"ఆ గొంతెవులిది, మీ తోటికోడలా? దాన్ని పంపొద్దు హేమమ్మా. నిన్న మొగ దాటతంటే మా బోటు బోల్తా పడినాది. ఈతొచ్చినోల్లం గనక ఒడ్డున పడినాం. నీకు ఈతొచ్చును, నువ్వైతే ఎక్కించుకుంతాను. అందరి ముందలా సెప్పితే మీ అత్త నిన్నూ రానియ్యదని సెప్పనేదు. నువ్వే రా, బేగి రా." ఫోన్ పెట్టేశాడు.

రేష్మ విశాఖలో పుట్టిందే గానీ, సముద్రంలో మోకాలు దాటి దిగలేదు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట నవ్వుతూ తనే చెప్పింది నాకు.

పెరట్లోకి పరుగెత్తాను. లేదు. ముందుగదిలో లేదు. వీధిలో స్కూటీ స్టార్టయిన చప్పుడు. చెప్పుల్లేకుండానే గేటు దాకా వెళ్ళాను.

"రేష్మా, ఆగు! నువ్వెల్లొద్దు. నిన్న ఆ బోటు బోల్తా పడినాదట. మసేను ఇప్పుడే సెప్పినాడు నాకు."

ఆమె హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ నన్ను చూసింది.

"నేను వింటుండగా చెప్పలేదే?"

"నాకొక్కదానికే సెప్పినాడు. ఒట్టు. సిన్ను మీద ఒట్టు."

"ఇందాక కూడా ఆ ఒట్టే వెయ్యబోయావు" అంది రేష్మ. క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ స్కూటీ సందు మలుపు తిరిగింది.

మసేనుకి ఫోన్ చేశాను. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి వాళ్ళావిడ ఎత్తింది. "బోటు కాడికెల్లిపోనాడమ్మా. ఫోను ఇంట్లోనే ఒగ్గేసినాడు" అంది.

వెనక గుమ్మంలోంచి అత్తగారు అడుగుతోంది, ఏమైందే, ఎందుకలా నిలబడిపోయావు అని. నా గుప్పిట్లో సూది ఇంకా ఉంది. నా మాట నమ్ముతానన్న మనిషి ఆ స్కూటీ మీద వెళ్ళిపోతోంది. సోమవారం చెప్పి ఉంటే నమ్మేది.